పదో గంటకు తలుపు తెరిచారు

వాణిజ్య సంస్థల్లో ఉద్యోగుల చేత రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం 2025 జులై 5న ఉత్తర్వు ఇచ్చింది. 8 నుంచి అమలు. చట్టాన్ని సవరించలేదు, శాసనసభలో చర్చించలేదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో రోజుకు ఎనిమిది గంటలని ఉన్న చోట ఒక మినహాయింపు అతికించారు. సులభతర వాణిజ్యం అన్న ఒక్క మాటతో సందేహాలన్నీ తీరిపోయినట్టే లెక్క.

వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉందని, అది దాటితే అదనపు వేతనం ఇవ్వాల్సిందేనని, దుకాణాలకు ఇది వర్తించదని ప్రభుత్వం చెబుతోంది. పెట్టుబడులు రావాలంటే ఈమాత్రం వెసులుబాటు ఉండాలన్నది పారిశ్రామిక వర్గాల మాట. పెట్టుబడులు రావాలి, వరంగల్‌కు మరీ రావాలి. కాదన్నదెవరు?

ఉత్తర్వును మాత్రం చివరిదాకా చదవాలి. మూడు నెలల్లో 144 గంటల వరకు ఓవర్‌టైమ్ చేయించుకోవచ్చని అందులోనే ఉంది. పదమూడు వారాలకు పంచితే వారానికి పదకొండు గంటలు. 48కి కలిపితే 59. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోల్చి వేసిన లెక్క ఇది. ఒక్క 2016లోనే ప్రపంచవ్యాప్తంగా 7.45 లక్షల మంది ఈ కారణంగా చనిపోయారని ఆ సంస్థల అంచనా. ఆ 55 గంటల గీతకు నాలుగు గంటలు అవతల నిలబడి, పరిమితి దాటలేదని మన ప్రభుత్వం అంటోంది.

రోజుకు పది గంటలైతే వారం పని ఐదు రోజుల్లోనే ముగుస్తుందట, రెండు రోజులు సెలవు దొరుకుతుందట. దొరికితే సంతోషమే. కానీ ఆ రెండో సెలవు ఇచ్చి తీరాలన్న షరతు ఉత్తర్వులో లేదు. పది గంటలు కాగితం మీద ఉన్నాయి, సెలవు యజమాని దయ మీద ఉంది. విరామాలతో కలిపి పన్నెండు గంటల దాకా ఉద్యోగిని అక్కడే ఉంచవచ్చన్న మాట కూడా కాగితం మీదే ఉంది. పొద్దున తొమ్మిదికి వెళ్లిన మనిషి రాత్రి తొమ్మిదికి బయటపడినా నిబంధన ఉల్లంఘన కాదు.

పదో గంట కన్నా దాని వెనకాల వచ్చే పదకొండో గంట ఈ పత్రికను ఎక్కువగా భయపెడుతోంది. ఐటీ కంపెనీలకు పని గంటల నిబంధన నుంచి మినహాయింపు ఉమ్మడి రాష్ట్రం నాడే మొదలైంది. కొత్త రంగం కదా, రాత్రిపూట పనులుంటాయి కదా అన్నారు. ఆ తర్వాత ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా దాన్ని పొడిగించిందే తప్ప వెనక్కి తీసుకోలేదు. ఆనాడు ఒక రంగానికి ప్రత్యేకమన్నది ఈనాడు అన్ని వాణిజ్య సంస్థలకూ పాకింది. పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ 2025 జూన్‌లో తొమ్మిదిని పది చేయాలని నిర్ణయించింది, వాళ్లను చూసి మనం. రేపు మనల్ని చూపించి ఇంకొకరు పన్నెండు అడుగుతారు. వారానికి 70 గంటలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023లో అంటే దేశం ఉలిక్కిపడింది. 2025 జనవరిలో ఎల్‌ అండ్‌ టీ అధినేత 90 అని, ఇంట్లో భార్య ముఖం ఎంతసేపు చూస్తారని కూడా అడిగేసరికి పాత 70 మర్యాదస్తుల అంకెలా కనిపించింది.

ఎనిమిది గంటలు ఎవరూ దానంగా ఇవ్వలేదు. ఫ్యాక్టరీల్లో వారానికి 54గా ఉన్న గంటలు 48కి తగ్గింది 1946లో, కార్మిక శాఖ అంబేడ్కర్ చేతిలో ఉండగా వచ్చిన సవరణతో. సింగరేణిలో భూగర్భంలో దిగినవారికి ఎనిమిది గంటల షిఫ్టు నేటికీ నిలిచిందంటే 1952 గనుల చట్టం ఒక కారణం, సంఘం బలం మరో కారణం. ఆదివారం దింపితే ప్లే డే (సెలవు రోజు పని) కింద రెట్టింపు వేతనం ఇవ్వాలి. అడిగేవాళ్లున్న చోట గంటకు విలువ ఉంది. అడిగేవాళ్లు లేని సిరిసిల్లకు వెళ్లి చూడండి. సాంచాల (మరమగ్గాల) మీద పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు, కూలి మాత్రం మీటర్ల లెక్కన. జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు వెయ్యి బీడీల లెక్కే ఉంది, గంటల లెక్క ఏనాడూ లేదు. చట్టం వర్తించే చోటే ప్రభుత్వం పట్టు సడలిస్తే, వర్తించని చోట ఆసామిని (సాంచాల యజమానిని) ఏ ముఖంతో నిలదీస్తుంది?

హనుమకొండ జూనియర్ కాలేజీల హాస్టళ్లలో తెల్లవారుజామున ఐదింటికి లేపి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు నడుపుతున్నారు. పదహారేళ్లకే ఆ రోజుకు అలవాటుపడ్డ పిల్లలకు ఉద్యోగంలో పది గంటలు వింతగా తోచవు. తల్లిదండ్రులూ ఫీజు కట్టి మరీ ఆ అలవాటును కొంటున్నారు.

మన వరంగల్ శివారు మడికొండలో 2020లో ఐటీ కేంద్రాలు తెరిచినప్పుడు ఏమని చెప్పారు? మన పిల్లలు హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలగనక్కర్లేదు, ఇంటి తిండి తిని ఇంటి దగ్గరే కొలువు చేసుకుంటారని. జీతం కాస్త తగ్గినా సరేనని వచ్చినవాళ్లున్నారు. వాళ్లు కోరుకున్నది వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దుటి నడక, పిల్లల హోంవర్కు, అమ్మానాన్నల మందులు తెచ్చిపెట్టే తీరిక. ఆ తీరికే ఈ ఊరు హైదరాబాద్‌కన్నా ఎక్కువగా ఇవ్వగలిగింది. దాన్ని సోమరితనమని తీసిపారేసేవాళ్లు ఆ ఇంటి పని ఎవరు చేస్తున్నారో ఒకసారి చూడాలి. ఆఫీసులో పెరిగిన రెండు గంటలు ఇంట్లో వంటను రెండు గంటలు తగ్గించవు. ఆ భారం మోసేది ఎక్కువగా ఆడవాళ్లే.

షరతులు ఉల్లంఘిస్తే నోటీసు లేకుండానే మినహాయింపు రద్దు చేస్తామని ఉత్తర్వు గంభీరంగా చెబుతోంది. ఉల్లంఘించారని చెప్పాల్సింది ఎవరు? ఉద్యోగం పోతుందని భయపడే ఆ ఉద్యోగేనా? ప్రభుత్వం ఈ ఉత్తర్వును ఉపసంహరించుకోవాలి. అది చేతకాకపోతే, పది గంటలు పని చేయించిన ప్రతి సంస్థా వారానికి రెండు రోజులు సెలవు ఇవ్వాలని ఒక్క వాక్యం చేర్చాలి. ఆ ఒక్క వాక్యానికి కూడా మనసు రాకపోతే రెండు సెలవుల కబుర్లు మానుకోవాలి. 2025 జులై 9న కార్మిక సంఘాల దేశవ్యాప్త సమ్మెకు సంఘీభావం ప్రకటించిన నాయకులూ తమ ఏలుబడిలో ఐటీ మినహాయింపుపై ఎందుకు నోరు మెదపలేదో చెప్పాలి. ఏటా బతుకమ్మ వస్తుంది. తొమ్మిది సాయంత్రాలూ అదే నాయకులు, అదే మంత్రులు వేదికలెక్కి తెలంగాణ ఆడపడుచులను ఆటకు పిలుస్తారు. పిలిచే ముందు, ఆ ఆడపడుచులను సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి ఎవరు వదులుతారో తమ కార్మిక శాఖను అడిగి రావాలి.