చిట్టీ కాదు, పుస్తకాల చీటీ

హనుమకొండలో రోగానికి డాక్టరున్నాడు, అప్పుకు ఫైనాన్సున్నది, పొదుపుకు చిట్టీ ఉన్నది. ఏం చదవాలో తెలియని మనిషికి మాత్రం దిక్కు లేదు. ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన ఇంత పెద్ద లోటును ప్రభుత్వం పట్టించుకోలేదు కాబట్టి, ఈ వ్యాసకర్త తానే నడుం కట్టవలసి వచ్చింది.

అర్హతలు అడుగుతారేమో. మా బంధువర్గం మొత్తంలో బీరువాలో బట్టలకు బదులు పుస్తకాలు పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అంతకంటే ఏం కావాలి? పెళ్లి భోజనాల దగ్గర పక్క కుర్చీలోంచి చెయ్యి కడుక్కోకుండానే అడుగుతారు, "ఒక మంచి పుస్తకం జెప్పరాదు?" అని. చాలా ఏళ్లపాటు అందరికీ ఒకటే మందు రాశాను: విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు. కారణం సాహిత్యానికి సంబంధించింది కాదు. ఆ లావు చూసినవాడు మళ్లీ వచ్చి రెండో పుస్తకం అడగడు.

ఆ నవలను విశ్వనాథ ఇరవై తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించారంటారు. నా ప్రతిలో గుర్తుగా పెట్టిన బస్సు టికెట్టు పదకొండేళ్లుగా 29వ పేజీలోనే ఉంది. మన వంగర పి.వి. నరసింహారావు మాత్రం దాన్ని ఆసాంతం చదవడమే కాదు, సహస్రఫణ్ పేరుతో హిందీలోకి కూడా దించారు. అంత బరువు ఎత్తినవారికి మెజారిటీ లేని ప్రభుత్వాన్ని అయిదేళ్లు లాగడం ఒక లెక్కా?

ఈ మధ్యే నా వైద్యంలోని తప్పు తెలిసొచ్చింది. జ్వరానికీ పంటినొప్పికీ అప్పుల బాధకూ ఒకటే గోలీ ఇస్తే ఎట్లా? ఇకనుంచి నాడి పట్టి, మనిషికి తగ్గ చీటీ రాస్తాను. అదీ వీలైనంతవరకు ఓరుగల్లు సరుకే. ఇంటి పెరట్లో ఉన్న చెట్టు మందుకు పనికిరాదన్న సామెత పుట్టింది మనలాంటి వాళ్లను చూసే.

ముందు అత్యవసర కేసులు: ఫ్లెక్సీలు కట్టే తమ్ముళ్లు. నాయకుడి పుట్టినరోజంటే కాజీపేట నుంచి పోచమ్మ మైదాన్ దాకా కరెంటు స్తంభం కనపడనియ్యరు. వాళ్ల అసలు బాధ ఎవరికీ పట్టదు. విశేషణాలు అయిపోయాయి. యువకిశోరం, బడుగుల ఆశాజ్యోతి, అభివృద్ధి ప్రదాత. ఈ మూడింటినే ముందూ వెనకా చేసి ఎన్నేళ్లని వాడతారు? వీళ్లకు విద్యానాథుడి ప్రతాపరుద్రీయం రాస్తున్నాను. సంస్కృతంలో అలంకార శాస్త్రం. ఉపమ అంటే ఇది, ఉత్ప్రేక్ష అంటే ఇది అని చెప్పడానికి వెనకటి శాస్త్రకారులు చాలామంది పాత కావ్యాలు తిరగేసి శ్లోకాలు ఏరుకొచ్చేవారు. విద్యానాథుడికి ఆ తిప్పలు లేవు. ఉదాహరణలన్నీ తానే అల్లుకున్నాడు, అన్నింటిలోనూ కాకతీయ ప్రతాపరుద్రుణ్ణే పొగిడాడు. నాటక లక్షణాలు చెప్పవలసిన చోటు వచ్చింది. ఏం చేశాడు? ప్రతాపరుద్రుడే కథానాయకుడిగా ఒక నాటకం రాసి పుస్తకం మధ్యలో పెట్టేశాడు. శాస్త్రానికి శాస్త్రం, భజనకు భజన. కింద మండల స్థాయి వాళ్ల గుండ్రటి ఫొటోల వరుస లేకుండా ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టినవాడు ఓరుగల్లు చరిత్రలో మరొకడు లేడు.

ఒక్క జాగ్రత్త. అన్ని అలంకారాలూ తొడిగిన తర్వాత కూడా 1323లో ఢిల్లీ సేన వచ్చి కోట తీసుకుంది. ఈ ముక్క ఫ్లెక్సీ మీద వెయ్యాలనుకుంటే ప్రింటింగ్ షాపు ఫోన్ నంబరు పక్కన చిన్నక్షరాల్లో వేస్తే చాలు.

తర్వాత బరాత్ రోగులు. ఏ బరాతైనా చూడండి, డీజే బండి ముందు అందరికన్నా ఎక్కువసేపు ఎగిరేవాడు పెళ్లికొడుకు బావమరిదే అయి ఉంటాడు. ఇది ఈనాటి అలవాటు కాదు. గణపతిదేవుడి బావమరిది జాయప, కాకతీయుల గజసేనాని, 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాలు, సగం శాస్త్రం చెప్పిన మార్గ నృత్యం, సగం జనంలో పుట్టిన దేశి నృత్యం. పొద్దున ఏనుగులను నడిపించి, సాయంత్రం అడుగు ఎట్లా వెయ్యాలో, భ్రమరి ఎట్లా తిరగాలో రాసుకున్న మనిషి. సంస్కృతం రాదంటారా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేసిపెట్టారు. అంత చదివే ఓపిక కూడా లేకపోతే రామప్పకు పోయి స్తంభాల మీది బొమ్మలు చూడండి. ఎనిమిది వందల ఏళ్లుగా అవి ఒక్క డెసిబెల్ శబ్దం లేకుండా ఆడుతున్నాయి.

ప్లాట్లు కొనేవాళ్లకు బద్దెన పేరుతో చలామణి అయ్యే సుమతీ శతకం చాలు. రియల్ ఎస్టేట్ కరపత్రానికి తెలుగులో అదే మూలం. అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎడతెగక పారే ఏరు ఉన్న ఊళ్లోనే ఉండమన్నాడు కదా. మొదటి రెండూ మన దగ్గర సందుకు నాలుగు. ఏరు సంగతే కొంచెం ఇబ్బంది అనుకునేవాళ్లం. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా ఆ లోటు కూడా తీర్చింది. వెంచర్ వాళ్లు 'జలదృశ్యం గల ప్లాట్లు' అని అచ్చు వేయించుకోకపోవడం వాళ్ల అమాయకత్వం.

చెప్పకుండా ఇంట్లోంచి మాయమయ్యే భర్తలకు పాలకుర్తి దగ్గరి బమ్మెర పోతన ఉన్నాడు. గజేంద్రమోక్షంలో ఏనుగు మొర వినగానే విష్ణుమూర్తి లక్ష్మితో ఒక్క మాట చెప్పడు, శంఖచక్రాలు పట్టుకోడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యమనడు, చేతిలో ఉన్న ఆమె కొంగైనా వదలడు. ఆపదలో ఉన్న స్నేహితుడి ఫోను రాగానే మన కాలనీలో మగవాళ్లు చేసే పని అదే. బండి తాళం మాత్రం మర్చిపోరు. తేడా ఏమంటే ఆ ఏనుగు నీళ్లలో ఇరుక్కుంది, మన ఏనుగులు దావత్‌లో ఇరుక్కుంటాయి. ఆడవాళ్లు ఆ కొన్ని పద్యాల తర్వాత చదవాలి. లక్ష్మి అడుగుదామని వడివడిగా ముందుకు పోతుంది, అడిగితే చెప్పడులే అని ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. మా ఇంట్లో ఆ పద్యం నేను బిగ్గరగా చదివినప్పుడు ఆగే ఘట్టం దగ్గర నన్ను ఆపేశారు.

చదువరుల్లో అన్నిటికంటే కఠినమైన కేసు పోటీ పరీక్షల పిల్లలు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి చోటు దొరకని రోజుల్లో, 1904లో, హనుమకొండలో పెద్దలు రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టారు. ఈ వాక్యం వినగానే వీళ్లు చెయ్యెత్తి "సర్, 1904. హైదరాబాదుల శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం 1901" అంటారు. చిల్లరదేవుళ్లు? దాశరథి రంగాచార్య. అగ్నిధార? వాళ్ల అన్న కృష్ణమాచార్య. విశ్వంభర? సినారె, జ్ఞానపీఠం, 1988. రెండు సెకండ్లు పట్టదు. ఒకమ్మాయిని అడిగాను, బిడ్డా, చిల్లరదేవుళ్లలో ఏముంటుందీ అని. ఆమె నన్ను జాలిగా చూసి "అది సిలబస్‌ల లేదు సార్" అన్నది. దేవుడికి దండం పెట్టి ప్రసాదం మాత్రం తినకుండా వచ్చే భక్తి వీళ్లది. వీళ్లకు మందు: అట్ట, మొదటి నాలుగు పేజీలు చింపేసిన ఏ నవలైనా సరే. రచయిత ఎవరో, ఏ సంవత్సరమో తెలియకుండా చదవాలి. వారం రోజులు కొంచెం దురద పెడుతుంది, భయపడొద్దు. (నిజాం కాలంలో ఊరి దొరలూ పట్వారీలూ చేసిన దౌర్జన్యం చెప్పే చిల్లరదేవుళ్లు చదవవలసిన వాళ్లు నిజానికి టేబులుకు అవతల కూర్చునేవాళ్లు, ఫైలు మీద చెయ్యి వేసి "రేపు రా" అనేవాళ్లు. వాళ్లకు రాయను. దాన్ని సర్వీసు నిబంధనల పుస్తకం అనుకుని పాటిస్తారని భయం.)

కాలనీ మీటింగుల్లో మైకు వదలని పెద్దమనుషులకు కాళోజీ 'నా గొడవ'. పేరు చూసి తమ గొడవే అనుకుని ఆత్రంగా తీసుకుంటారు, లోపల అందరి గొడవా ఉండేసరికి నిరాశ పడతారు. అయినా ఇవ్వాలి. సెప్టెంబరు 9న, ఆయన పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవ సభల్లో మాట్లాడేవాళ్లకైతే రెండు పూటలా ఇవ్వాలి. బడిపలుకుల భాష వద్దు, పలుకుబడుల భాష కావాలన్న మనిషికి వాళ్లు "మహోన్నత సాహితీ శిఖరాగ్రం" అని బడిపలుకులతోనే దండ వేస్తారు. ఈ వ్యాసం ఏ భాషలో రాస్తున్నావని మీరు నన్ను అడగబోతున్నారు. అడగకండి. వైద్యుడు తన మందు తాను వేసుకోడు.

పుస్తకం అరువు తీసుకుపోయి మరిచిపోయేవాళ్ల గురించి రాద్దామనుకున్నాను. జాబితా నాలుగు పేజీలయింది, అందులో ముగ్గురు ఈ వ్యాసం చదివే అవకాశం ఉంది, ఇద్దరు మా అత్తగారి తరఫు. వదిలేస్తున్నాను.

ఇక నా వైద్యం పూర్తిగా ఫలించిన ఏకైక కేసు. మా అక్క కొడుకు. వాడి ఫోన్‌లో మనుషులుండరు, ప్లేట్లే ఉంటాయి. చౌరస్తాలో ఇడ్లీ, సుబేదారిలో బిర్యానీ, కాజీపేటలో చాయ్, అన్నిటికీ రీల్. మొన్న వచ్చి, "మామా, నాకు గా లావు పుస్తకం వద్దు. తినేటియి ఉన్న పుస్తకం ఏమన్న ఉంటే జెప్పు" అన్నాడు. నేను కళ్లు మూసుకుని నాడి పట్టి క్రీడాభిరామం తీసి చేతిలో పెట్టాను. వినుకొండ వల్లభరాయడిది, కాదు శ్రీనాథుడిదే అనేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు గొడవపడనీ. మంచన శర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు దోస్తులు ఒక్క రోజులో కాకతీయుల నాటి ఓరుగల్లు అంతా తిరుగుతారు. సంతలు, ఆటలు, పాటలు, మనుషులు, కొంచెం పెద్దవాళ్లకు మాత్రమే చెప్పదగ్గ చోట్లు కూడా. ఆ చోట్ల పేజీలు నేను పిన్ను కొట్టి ఇచ్చాను. తర్వాత తెలిసింది, వాడు ముందు చదివింది అవేనట.

అందులో ఒక పూటకూటింటి పద్యం ఉంది. కప్పురభోగి వంటకం, కమ్మని గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుకునేవి, గడ్డపెరుగు. అంతా లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు. జీఎస్టీ లేదు, ప్యాకింగ్ చార్జీ లేదు. తెలుగులో ఇంత పొందికైన ఫుడ్ రీల్ ఇంకోటి రాలేదని నా అభిప్రాయం.

పుస్తకం తీసుకుపోయి రెండు వారాలైంది. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్. వెనకాల బండి హారన్లు, వాడి దోస్తుల మాటలు వినపడుతున్నాయి.

"మామా, కోట కాడున్నం. నలుగురం వచ్చినం."

"శాబాష్! తోరణాలు చూసినవా?"

"తోరణాలు తర్వాత సూస్తం గని, గా లక్ష్మణవజ్ఝల మెస్ ఎక్కడ? మ్యాప్‌ల కొట్టినా సూపెడ్తలేదు. ఆదివారం బంద్ ఉంటదా ఏంది?"