గురుకులంలో 40, ఊరి బడిలో ఎంతమందైనా

తరగతి గదులు కిక్కిరిసిపోయాయని ఎవరు అడిగినా తెలంగాణ విద్యాశాఖ దగ్గర ఒకే జవాబు సిద్ధంగా ఉంటుంది: ఉపాధ్యాయ, విద్యార్థి నిష్పత్తి రాష్ట్ర సగటున చట్టపరిమితిలోనే ఉన్నదట. దేవరకొండ వైపు ఏదో తండాలో పదిహేను మంది పిల్లలకు ఒక్క టీచరున్న బడినీ, పట్టణంలో ఒకే సెక్షన్‌లో 60 మంది ఒత్తుకుని కూర్చునే ఉన్నత పాఠశాలనూ కలిపి తీసిన సగటు ఇది. ఆ తండాలో ఒకే మనిషి అయిదు తరగతులకూ పాఠం చెప్పాలి. పట్టణపు బడిలో చివరి బెంచీ పిల్లవాడి పేరు దసరా దాకా టీచరు నోటికి రాదు. రెండు కష్టాలనూ కలిపి భాగిస్తే వచ్చే అంకె మాత్రం చూడముచ్చటగా ఉంటుంది.

తరగతికి హద్దు పెట్టడం ప్రభుత్వానికి తెలియదా అంటే, బాగా తెలుసు. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో మన ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామంలో మొదలైన గురుకులం ఇవాళ రాష్ట్రమంతా విస్తరించింది. ప్రవేశ పరీక్ష రాసి అయిదో తరగతిలో చేరే పిల్లలకు అక్కడ సెక్షన్‌కు 40 చొప్పున రెండు సెక్షన్లు, మొత్తం 80 సీట్లు. చలకుర్తి, వట్టెం నవోదయ విద్యాలయాల్లోనూ ఆరో తరగతికి 80 మందిని మించి తీసుకోరు. ఆపైన వచ్చిన వారికి సీటు లేదని చెప్పి పంపుతారు. జిల్లా పరిషత్ బడి ఆ మాట చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అలాంటప్పుడు ఆ బడికి రెండో సెక్షన్, దానికి టీచర్లు ఇవ్వవలసింది ఎవరు? పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లలకు 40 అనే హద్దు గీసి, వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకునే బడికి ఏ హద్దూ లేకుండా వదిలేసి, చివరికి పదో తరగతి ఫలితాల నాడు రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరి బడిని తక్కువ చేసి మాట్లాడటం ద్వంద్వనీతి కాక మరేమిటి?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం తన 25వ సెక్షన్‌లో ఈ నిష్పత్తిని ప్రతి పాఠశాలలోనూ పాటించాలని చెప్పింది తప్ప, రాష్ట్ర సగటు సరిపోతే చాలని ఎక్కడా అనలేదు. అయితే ఆ చట్టం సైతం టీచర్లను లెక్కపెడుతుంది, గదిని లెక్కపెట్టదు. తేడా చిన్నది కాదు. ఆరు నుంచి పది దాకా తరగతికి 60 మంది చొప్పున 300 మంది పిల్లలు, తొమ్మిది మంది సబ్జెక్టు టీచర్లు ఉన్న బడిని ఊహించండి. కాగితం మీద నిష్పత్తి 33, అంటే టీచరుకు 33 మంది, చట్టం లెక్కకు సరిపోయినట్టే. ఏ గది తలుపు తీసినా 60 మంది. లెక్కల సారు అయిదు తరగతులకూ వారానికి ఒక్కసారి నోటుబుక్కులు దిద్దాలనుకుంటే, పుస్తకానికి రెండు నిమిషాలు వేసుకున్నా పది గంటలు పడుతుంది. దిద్దడం లేదని తనిఖీకి వచ్చిన అధికారి మెమో ఇస్తారు. అదొక విడ్డూరం.

ఉన్న టీచర్లయినా గదిలో ఉంటున్నారా అంటే అదీ లేదు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడరాదని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతుండగా, 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే కోసం ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూటకు కుదించారు.

పెద్ద తరగతి ఎక్కడైనా చెరుపే, కానీ పాలమూరులో, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో, దాని దెబ్బ రెట్టింపు. దసరా దాటితే తల్లిదండ్రులతో పాటు వలస పోయి ఉగాదికి తిరిగొచ్చే పిల్లలున్న జిల్లా ఇది. గద్వాల పక్కన విత్తన పత్తి చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పని మొదలైతే బెంచీలు ఖాళీ అవుతాయి. నారాయణపేట, గట్టు వైపు ఇంట్లో కన్నడ, తండాల్లో లంబాడీ మాట్లాడే బిడ్డలు బడిలో తెలుగు నేర్చుకుంటూనే, 2022-23 నుంచి వచ్చిన ఇంగ్లిషు మీడియం పుస్తకం చదవాలి. మూడు నెలలు బడికి దూరమైన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోవాలంటే టీచరుకు తీరిక కావాలి. 45 నిమిషాల పీరియడులో 60 మంది ఉంటే తలకు ముప్పావు నిమిషం దక్కుతుంది, అదీ హాజరు పిలవకుండా ఉంటేనే. 2011 జనగణనలో 55 శాతం అక్షరాస్యతతో ఉమ్మడి రాష్ట్రంలోనే అట్టడుగున నిలిచిన జిల్లా పిల్లలకు మనం కేటాయించిన సమయం అది.

తరగతి పరిమాణం కంటే టీచరు నాణ్యత ముఖ్యమని, సర్కారు బడుల్లో పిల్లలే తగ్గిపోతుంటే కొత్త సెక్షన్లెందుకని వాదించే వారున్నారు. టీచరు ఎంత సమర్థుడైనా అతనికి ఉన్నవి రెండు కళ్లే. అమెరికాలోని టెన్నెసీలో 1985 నుంచి నాలుగేళ్లు 79 బడుల్లో జరిపిన ప్రయోగంలో, 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల పిల్లలు 22 నుంచి 25 మంది ఉన్న తరగతుల వారికంటే మెరుగ్గా చదివారు, పేద పిల్లలు మరింతగా లాభపడ్డారు. అక్కడ పెద్ద తరగతి అన్నదే పాతిక మంది అని గమనించాలి.

2021 నాటి జీవో 25 సహా హేతుబద్ధీకరణ (పిల్లల సంఖ్యను బట్టి టీచర్ల సర్దుబాటు) పేరుతో వచ్చిన ఉత్తర్వులన్నీ పిల్లలు తగ్గిన చోట టీచరును ఎత్తేయడంలో చూపిన చురుకును, పిల్లలు పెరిగిన చోట సెక్షన్ తెరవడంలో చూపలేదు. 2024 డీఎస్సీ ద్వారా పదివేల మందికి పైగా కొత్త టీచర్లు వచ్చిన తరువాత కూడా ఈ సూత్రం మారకపోతే, భర్తీలు ఎన్ని చేసినా పట్టణపు బడి గది పలచబడదు. ప్రాథమిక తరగతిలో 30, ఉన్నత పాఠశాల సెక్షన్‌లో 35 దాటితే మరో సెక్షన్ తెరిచి తీరాలన్న ఉత్తర్వు కావాలి. బడివారీగా కాక గదివారీగా సంఖ్యలను జూన్‌లోనే బయటపెట్టాలి. తండా బడి నుంచి టీచరును లాగి పట్టణానికి సర్దడం ఇందుకు మార్గం కాదు.

విద్యాశాఖ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చేతిలోనే ఉంది, ఆయనది ఉమ్మడి పాలమూరే. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండల నుంచి 26 మంది శాసనసభ్యులున్నారు. ఏటా మే నెల వచ్చేసరికి గురుకులంలో సీటు ఇప్పించమని వారి గుమ్మాల ముందు నిలబడే తల్లిదండ్రులు, తమ ఊరి బడిలో బిడ్డకు కూర్చునే చోటు, చెప్పించుకునే వేళ దొరకకనే అక్కడిదాకా వస్తున్నారు. వారికి సీటు లేదని చెప్పి పంపే ఈ 26 మందికి, ఊరి బడికి ఆ 40 హద్దు ఎందుకు లేదని సభలో నిలదీయడానికి ఇన్నేళ్లుగా ఏం అడ్డొచ్చింది?