సఫైర్‌కి ఒక్క డైలాగూ లేదు

పాత బ్రిటిష్ క్రైమ్ సినిమాల్లో నల్లజాతి పాత్రలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం ఈమధ్య ఒక పనైపోయింది. ఆ లెక్కతో ఒరిగేదేమీ లేదు. కేసు ఫైల్లో ఆ మనిషి ఎక్కడున్నాడన్నదే చూడాలి. శవమా, అనుమానితుడా, ఫైలు రాసేవాడా?

బాసిల్ డియర్డెన్ తీసిన 'సఫైర్' సంగతే చూడండి. 1959 నాటిది, అప్పటికి లండన్‌లో నల్లజాతివాళ్లపై తెల్లమూకలు దాడి చేసిన నాటింగ్ హిల్ అల్లర్లు జరిగి ఏడాది కూడా కాలేదు. లండన్‌లోని హాంప్‌స్టెడ్ హీత్ పచ్చికబయలులో ఓ సంగీత విద్యార్థిని శవం దొరుకుతుంది. తెల్లమ్మాయే అనుకుంటారు పోలీసులు. తీరా ఆమె అన్న, బర్మింగ్‌హామ్ డాక్టరు రాబిన్స్, సూపరింటెండెంట్ హాజర్డ్ గదిలో అడుగుపెడితే ఆయన నల్లవాడు. అక్కణ్ణుంచి హంతకుడి కన్నా హతురాలి పుట్టుకే పెద్ద మిస్టరీ. సాదా ట్వీడ్ స్కర్టు కింద ఎర్రటి టాఫెటా పట్టు పెట్టీకోటు ఉందట, ఆమె నల్లజాతిదనడానికి అదో ఆధారం! క్లబ్బులో బాంగో మోగితే ఎంత తెల్లగా ఉన్నవాళ్లకైనా కాళ్లు ఆగవట, అదో ఆధారం! వర్ణ వివక్షను ఖండించడానికి తీసిన సినిమా ఇది. జాతి నెత్తుట్లోనే ఉంటుందన్న మూఢనమ్మకాన్నే ఇందులో క్లూగా వాడుకున్నారు. పోలీసులు తరిమే నల్లజాతి అనుమానితుడు జానీ ఫిడిల్ నిర్దోషి, అసలు హంతకురాలు తెల్ల ప్రియుడి అక్క. ముగింపు మంచిదే. కానీ సినిమాకు పేరిచ్చిన అమ్మాయి మనకు శవంగా, ఫొటోగా తప్ప కనిపించదు.

ఆ కాలాన్ని బట్టి చూడాలి కదా అంటారు. హాజర్డ్‌తో కలిసి దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టర్ లియరాయిడ్ నోటే జాతి ద్వేషం పలికించడం అప్పట్లో సాహసమే, ఉత్తమ బ్రిటిష్ చిత్రంగా బాఫ్టా రావడమూ నిజమే.

కాలమే అడ్డమైతే, అదే దర్శకుడు ఎనిమిదేళ్ల ముందు 'పూల్ ఆఫ్ లండన్' ఎలా తీశాడు? సఫైర్ అన్నగా వేసిన ఎర్ల్ కామెరానే అందులో జానీ అనే నావికుడు. వజ్రాల దొంగరవాణా మిత్రుడి గొడవ. జానీ మాత్రం ప్యాట్ అనే తెల్లమ్మాయితో లండన్ చూస్తూ తిరుగుతాడు. ముద్దు దాకా వెళ్లనివ్వలేదు, అది పిరికితనమే. అయినా కేసుతో సంబంధం లేని కాసేపు అతనికి దక్కింది. పాత్రకు ప్రాణం పోసేది ఆ కాసేపే.

నల్లజాతి డిటెక్టివ్‌ను చూపిద్దామన్నా నిజంలో లేడుగా అనే సాకు ఇంకొకటి. నల్లజాతివాడైన నార్వెల్ రాబర్ట్స్ లండన్ పోలీసుల్లో చేరింది 1967లో, నిజమే. మరి 1965లో క్రిస్టఫర్ లీకి మేకప్ వేసి ఫు మాంచూ అనే చైనా విలన్‌ని చేసినప్పుడు ఈ వాస్తవికత ఏమైంది? కల్పనకు కొరత లేదు, అది విలన్ల వైపే పారింది.

నా దృష్టిలో ఈ గొడవంతా చివరికి పోలీసుల్ని చూపించే తీరు దగ్గరికే వచ్చి ఆగుతుంది. తెరమీద సఫైర్ కేసు గంటన్నరలో తేలిపోయింది. అదే ఏడాది మేలో నాటింగ్ హిల్ వీధిలో నల్లజాతివాడైన కెల్సో కాక్రేన్‌ను పొడిచి చంపారు. ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. ట్రినిడాడ్‌లో పుట్టిన హొరేస్ ఓవే అదే పరిసరాల్లో 1975లో 'ప్రెషర్' తీశాడు. బ్రిటన్‌లో నల్లజాతి దర్శకుడి తొలి ఫీచర్ చిత్రం. అందులోనూ పోలీసులు తలుపులు తోసుకొస్తారు, కెమెరా మాత్రం గదిలోపల ఉన్నవాళ్లతోనే ఉంటుంది. అది థియేటర్లకు వచ్చేసరికి 1978 అయింది.