అడ్డదోవ గారికి ఒక లెక్కల మాస్టరు విన్నపం

మహారాజశ్రీ అడ్డదోవ గారి దివ్య సముఖానికి,

తిరుపతి నుంచి ఒక లెక్కల మాస్టరు నమస్కరించి రాసుకునేది ఏమంటే, ఇక్కడ మేమెవ్వరం క్షేమంగా లేము. అరచేతుల్లో బొబ్బలు, మోకాళ్ళలో నొప్పులు. తమరు మాత్రం దివ్యంగా ఉన్నారు. పోయిన ఆదివారం చూస్తే ఇంకో జానెడు ఒళ్ళు కూడా చేశారు.

తమరి చిరునామా అందరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను. తిరుపతి దాటాక కొండల్లోకి పోయే ఒక కోన. కింద వంక. వంక పక్క నుంచి పైకి మెలికలు తిరుగుతూ పోయే కాలిదోవ. ఆ దోవ చివర ఒక బండ. ఆ బండ మీద నిలబడితే ఎదురుగా జలపాతం. రెండో మలుపు దగ్గర తమరు మా దోవ నుంచి విడిపోయి, మూడో మలుపును ఎగ్గొట్టి, నిట్టనిలువుగా ఎగబాకి నాలుగో మలుపులో మళ్ళీ ఏమీ ఎరగనట్టు కలుస్తారు. కోన పేరు మాత్రం రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి ఇంకో వంద బైకులు దిగుతాయి. తలకోనలా 270 అడుగుల నుంచి దూకే నీళ్ళు కావు మావి. కార్తీకంలో నాలుగు వానలు గట్టిగా పడితే తెల్లటి పంచె ఆరేసినట్టు కనిపించి, సంక్రాంతి దాటాక తువ్వాలై, శివరాత్రికి రిబ్బనై, ఆ తర్వాత రాతి మీద తడి మరకగా మిగిలే జలపాతం. అయినా మాది.

మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని చూపించిన జలపాతం అది. రెండేళ్ళ కిందట నేను మా వాణ్ణి తీసుకుపోతే బండ మీద నుంచి కనిపించింది లంటానా పొద ఒక్కటే. పొద వెనక నుంచి నీళ్ళ శబ్దం మాత్రం వస్తోంది. మా వాడు పాపం మర్యాదస్తుడు, "బాగుంది నాన్నా, రేడియోలాగా ఉంది" అన్నాడు.

అలా మొదలైంది మా శ్రమదానం. నెలకో ఆదివారం. పది పన్నెండు మందిమి. ఒక రిటైరైన లెక్చరర్ గారు, మందుల షాపు కుర్రాడు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, కింద ఊళ్ళో మేకలు కాసే పెద్దాయన, నేను. మొదటి నెల మాకు ఎదురైన ఇబ్బంది కంప కాదు, కొండా కాదు. గడారి, మచ్చుకత్తి, పార పట్టుకుని తెల్లవారుజామున శేషాచలం అడవుల్లోకి పోయే పదిమందిని ఈ ప్రాంతంలో ఎవరూ ప్రకృతి ప్రేమికులనుకోరు. ఎర్రచందనం పెరిగే కొండలు ఇవి. టీ కొట్టు ఆయన మా సామాను వైపు, మా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "లోడు ఏ పక్కకు సామీ?" అని అడిగాడు. లెక్చరర్ గారు ముప్పై రెండేళ్ళు సంపాదించుకున్న పరువు ఆ పూట టీ గ్లాసులో కలిసిపోయింది. అప్పటి నుంచి అటవీశాఖ వాళ్ళు ఇచ్చిన అనుమతి కాగితాన్ని లామినేషన్ చేయించి, దేవుడి పటంలా ముందు పట్టుకుని నడుస్తున్నాం.

ఇక తమరి సంగతి. తమరి మీద నాకు వృత్తిపరమైన గౌరవం ఉంది, కాదనను. త్రిభుజంలో ఏ రెండు భుజాల మొత్తమైనా మూడో భుజం కంటే ఎక్కువే అని ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల మీద గీస్తున్నాను. వెనక బెంచీ వాళ్ళకు ఎక్కలేదనుకునేవాణ్ణి. తప్పు. ఒకరోజు నేను రెండో మలుపు దగ్గర రాళ్ళు మోస్తుంటే ఒకడు నా పక్క నుంచే తమరి మీదికి ఎగబాకాడు. "ఒరేయ్, దోవ ఇటు" అన్నాను. వెనక్కి తిరిగి, చెప్పులు చేతిలో పట్టుకునే నమస్కారం పెట్టి, "మీరే కదా సార్ చెప్పింది, మూడో భుజమే తక్కువ అని" అన్నాడు. పదో తరగతిలో లెక్కలు మూడుసార్లు రాసినవాడు.

నేను టేపు పెట్టి కొలవలేదు గానీ అడుగులు లెక్కపెట్టాను. మలుపు తిరిగి పోతే అరవై నాలుగు అడుగులు. తమరి మీద పోతే ఇరవై ఆరు. మిగిలేది ముప్పై ఎనిమిది అడుగులు, కాలంలో చెప్పాలంటే అర నిమిషం. ఈ అర నిమిషం పొదుపు చేసినవాళ్ళు పైకెళ్ళి బండ మీద నలభై నిమిషాలు సెల్ఫీలు దిగుతారు. మిగిల్చుకున్న అర నిమిషం ఎక్కడ ఖర్చు పెడుతున్నారో నాకు ఇంతవరకూ తేలలేదు.

మనుషులు పోతే పోనీ, తమరి వెంట నీళ్ళు కూడా పోతాయి. అదీ నా గోడు. నీళ్ళకూ లెక్కలు వచ్చు. మా దోవ మెలికలు తిరిగింది సోకు కోసం కాదు. వాలు తగ్గితే నీటి పరుగు తగ్గుతుంది, పరుగు తగ్గితే మట్టి నిలుస్తుంది. దోవను లోయ వైపు రవ్వంత వాలుగా చెక్కి, అక్కడక్కడ అడ్డంగా, ఏటవాలుగా రాళ్ళ వరస పాతితే పడ్డ వాన పడ్డట్టే పక్కకు జారిపోతుంది. తమరు మాత్రం కొండ నెత్తి నుంచి కాళ్ళ దాకా గీసిన గీత. మా ప్రాంతానికి గట్టి వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. తమరి మీద పడ్డ వాన ముందు ఆకులు ఈడ్చుకుపోతుంది, తర్వాత మట్టి, తర్వాత గులకరాళ్ళు. వేర్లు బయటపడతాయి. ఆ వేర్లే మెట్లు అనుకుని జనం ఇంకా ఉత్సాహంగా ఎక్కుతారు. వేర్లు తెగాక కాళ్ళు జారి, పక్క గడ్డి మీద నుంచి ఎక్కుతారు. అట్లా తమరు మొదట అడుగు వెడల్పు దోవ, తర్వాత మూడడుగుల గాడి, ఇప్పుడు మోకాలి లోతు వాగు. 2021 నవంబరు వానకు శ్రీవారి మెట్టు దోవే కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు. రాతి మెట్లకే దిక్కులేనప్పుడు తమరి మట్టి ఎంత.

ఒక్క రాయి పాతడానికి ఎంత పడుతుందో తమరికి తెలుసా? నాకూ తెలియదు, ఆ పెద్దాయన నేర్పేదాకా. నేను ఒక చదునైన రాయిని తెచ్చి మట్టి మీద పెట్టి, చేతులు దులుపుకున్నాను. ఆయన బీడీ పక్కన పెట్టి వచ్చి కాలితో తన్నాడు. రాయి దొర్లింది. "రాయిని కూర్చోబెట్టకూడదు నాయనా, పడుకోబెట్టాల" అన్నాడు. మూడొంతుల్లో రెండొంతులు భూమిలో ఉండాలి. అంటే తవ్వాలి. ఇక్కడి రాయి క్వార్ట్‌జైట్, గడారి దిగితే గంట కొట్టినట్టు ఖంగుమంటుంది, ఆ ఖంగు చేతుల్లోంచి భుజాల్లోకి, అక్కడి నుంచి పళ్ళలోకి పాకుతుంది. గుంత తవ్వి, రాయి దించి, సందుల్లో చిన్న రాళ్ళు కుక్కి, మట్టి వేసి దిమ్మిస కొట్టాక పెద్దాయన లెక్చరర్ గారిని పిలిచి, "దీని మీద ఎగురు సామీ" అన్నాడు. మా అందరిలో బరువైనది ఆయనే. ఆయన కళ్ళద్దాలు తీసి నాకిచ్చి, పంచె ఎగ్గట్టి ఎగిరాడు. రాయి వేలెడు కదిలింది. "తియ్యండి" అన్నాడు పెద్దాయన. మళ్ళీ మొదటికి. మూడోసారి ఎగిరితే కదల్లేదు. ఒక రాయికి గంటా పది నిమిషాలు. అట్లాంటివి ఆ మలుపులో పదకొండు ఉన్నాయి. వాటిని తప్పించుకోవడానికే తమరు.

ఇంకో విషయం కూడా తమరికి చెప్పాలి. నీటి తడి తగిలే ఒక పెద్ద రాయి మా దోవకు సరిగ్గా అడ్డం వచ్చింది. దొర్లించేద్దామని గడారి పెట్టబోతే బ్యాంకు అమ్మాయి ఆపింది. రాయి కింది పక్క గుండ్రటి తెల్లటి గుడ్లు, బొట్టు బిళ్ళలు అంటించినట్టు వరసగా అతుక్కుని ఉన్నాయి. బంగారు బల్లి గుడ్లు. ఈ కొండల్లో కనిపించే బల్లి అది, గుడ్లను రాతికి అంటించి పోతుంది. కంచికి పోయి గుడిలో బంగారు బల్లిని ముట్టుకోవడానికి క్యూలో నిలబడే జనం మేము. ఇక్కడ అసలు బల్లి ఎదురైతే ఏం చేయాలో తోచలేదు. చివరికి రాయిని వదిలేసి దోవనే రెండడుగులు పక్కకు తిప్పాం. బల్లి కోసం మేము చుట్టు తిరిగాం, తమరు చూశారు కదా.

తమరిని మూయడానికి ఏం చేయలేదు మేము! లంటానాను వేర్లతో పెరికి, ఆ కంపనే తెచ్చి, చేనికి కొట్టినట్టు తమరి రెండు మొనలకూ కంప కొట్టాం. పదిరోజుల్లో ఎవరో దాన్ని చలిమంట వేసుకున్నారు, అడవిలో, పక్కనే ఎండుగడ్డి. బాణం గుర్తుతో బోర్డు పెట్టాం. బాణాన్ని తమరి వైపు తిప్పి పోయారు. "దయచేసి మలుపు తిరిగి వెళ్ళండి" అని రాస్తే, ఆ బోర్డు పలకనే తమరి గాడిలో మెట్టుగా వేసుకున్నారు. మెట్టు బాగానే కుదిరింది, ఒప్పుకోవాలి. పెద్దాయన చూసి "వీళ్ళకు రాయి పడుకోబెట్టడం మనకంటే బాగా వచ్చు" అన్నాడు.

తమరి ఒక్కరినే అనడం న్యాయం కాదు. తమరి బంధువర్గం మా ఊరంతా ఉంది. తిరుపతిలో ఇల్లున్న పాపానికి నాకు నెలకు నాలుగు ఫోన్లు వస్తాయి, "మాస్టారూ, దర్శనానికి లెటరేమైనా..." అని. అలిపిరి నుంచి 3550 మెట్లకూ ఒక్కొక్క మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, వంగి వంగి ఎక్కిన మనిషే పైకెళ్ళాక ఫోన్ చేసి లెటర్ అడుగుతాడు. నేనూ ఏమంత సాధువును కాదు. శ్రమదానానికి వచ్చేటప్పుడు యూటర్న్ దూరమని మా వీధి చివర రాంగ్ రూట్లోనే బండి తిప్పుతాను, హ్యాండిల్‌కు గడారి కట్టుకుని. ఇక నా ఇంక్రిమెంట్ ఫైలు ఒకటి ఒక ఆఫీసులో పధ్నాలుగు నెలలుగా మలుపులు తిరుగుతోంది. "నేరుగా పోతే ఎట్లా మాస్టారూ, పక్క నుంచి రావాల" అని అక్కడి బంట్రోతు ఎన్నిసార్లు చెప్పాడో. పంతానికి పోలేదు.

ఆ పసుపు మెట్ల సంగతే మా పెద్దాయన బుర్రలో మెరిసింది. మూడో భుజం మొదట్లో, అంటే తమరి నోటికి అడ్డంగా, నిలువు రాయి ఒకటి పాతి, "ఐదు రూపాయల పసుపు, కుంకం తే నాయనా" అన్నాడు. లెక్చరర్ గారు హేతువాది, ఒప్పుకోలేదు. జనాన్ని మోసం చేయడమే అన్నారు. మందుల షాపు కుర్రాడు "సార్, ఇది మాత్ర మీద చక్కెర పూత లాంటిది" అన్నాడు. ఓటింగ్ పెట్టాం. లెక్చరర్ గారు ఓడిపోయి, వెనక్కి తిరిగి నిలబడి జలపాతం చూస్తూ ఉండగా పెద్దాయన రాయికి పసుపు రాసి మూడు బొట్లు పెట్టాడు.

నెల తర్వాత పోతే నా కళ్ళను నేను నమ్మలేదు. తమరి ఒంటి మీద ఒక్క చెప్పు గుర్తు లేదు. గాడిలో లేత గడ్డి మొలిచింది. జనం రాయి దగ్గర చెప్పులు విడిచి, దండం పెట్టి, బుద్ధిగా మలుపు తిరిగి పోతున్నారు. నా శిష్యుడు కూడా. బండ మీద కూర్చుని అందరం బొరుగులు, చెనిక్కాయలు తింటూ ఎదురుగా నీళ్ళు పడటం చూశాం. లంటానా లేదు, తమరు లేరు. లెక్చరర్ గారు మాత్రం బొరుగులు ముట్టలేదు.

ఆ సంతోషం సరిగ్గా ఇంకో నెల. పోయిన ఆదివారం మేము చేరేసరికి రాయి చుట్టూ కొబ్బరి చిప్పలు, కర్పూరం కవర్లు, అగరొత్తుల డబ్బాలు. పక్క పొదకు పసుపు గుడ్డలు. రాయికి వెండి కళ్ళు అతికించారు. చుట్టూ ప్రదక్షిణం చేసి చేసి, వాలును తొక్కి తొక్కి కొత్త దోవ వేశారు, అది గుండ్రంగా తిరిగి సరాసరి తమరి మధ్యలోకి దిగింది. తమరు జానెడు ఒళ్ళు చేసింది అప్పుడే. ప్లాస్టిక్ ఏరుతూ ఉంటే ఒక పెద్దావిడ కొబ్బరి కొట్టి, ముక్క నా చేతిలో పెట్టింది.

"ఏ సామి అమ్మా ఈయన?" అని అడిగాను.

"తెలీదా నాయనా? అడ్డదోవ సామి. ఈయనకు మొక్కుకుంటే ఆగిపోయిన పనులు బిరబిరా అయిపోతాయంట. మా మనవడి పాస్‌పోర్టు వారంలో వచ్చింది."

కొబ్బరి తిన్నాను. మిగతావాళ్ళు పైన రాళ్ళు సర్దుతున్నారు. లెక్చరర్ గారు ఎగురుతున్న చప్పుడు వినిపిస్తోంది. అటూ ఇటూ చూసి, గడారి చెట్టుకు ఆనించి, చెప్పులు విడిచి, తమరి ముందు నిలబడి నా ఫైలు నంబరు చెప్పుకున్నాను. పొరపాటు పడతారేమోనని రెండుసార్లు చెప్పాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
రెండో మలుపు దగ్గర గడారి మరిచిపోయి వచ్చిన లెక్కల మాస్టరు

తా.క.: ఫైలు కదిలితే కబురు పెట్టండి. కొబ్బరికాయ తెస్తాను. చిప్పలు మాత్రం నేనే ఏరుకుపోతాను.