హాంటెడ్ మాన్షన్‌కి బాల్టిమోర్ ముఖం, శాన్‌హోసే పుకారు

"అనహైమ్ డిస్నీల్యాండ్‌లోని హాంటెడ్ మాన్షన్ నిజానికి శాన్‌హోసేలో ఉన్న వించెస్టర్ మిస్టరీ హౌస్‌కి అచ్చుగుద్దినట్టు నకలు. ఎక్కడికీ వెళ్ళని మెట్లు, సాగే గది, అన్నీ అక్కణ్ణుంచి తెచ్చినవే. ప్రపంచంలో ఏ డిస్నీ పార్కుకి వెళ్ళినా అదే ఇల్లు. కట్టాక ఆరేళ్ళు మూసేశారు, ఎందుకంటే లోపలికెళ్ళిన ఒకాయన భయంతో గుండె ఆగి పోయాడు." ఈ ఫార్వర్డ్ బే ఏరియా తెలుగు గ్రూపుల్లో చక్కర్లు కొడుతూనే ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూపించే లిస్టులో డిస్నీల్యాండ్‌లోని ఆ దెయ్యాల రైడూ, సారా వించెస్టర్ అనే ఆవిడ కట్టించిన ఆ వింత ఇల్లూ ఉంటాయి కాబట్టి, వాటిని కలిపే కథ ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. కానీ అందులో నిలబడే మాటలు తక్కువ.

ముందు ముఖం సంగతి. రెండు ఇళ్ళ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. వించెస్టర్ ఇల్లు క్వీన్ ఆన్ శైలి విక్టోరియన్ కట్టడం. చెక్క గోడలు, వాలు కప్పుల గుంపు, బురుజులు. ఎటు నుంచి చూసినా మధ్య ఏదో, చివర ఏదో తెలియనంతగా పరుచుకుపోయి ఉంటుంది. అనహైమ్ ఇల్లు అందుకు పూర్తిగా విరుద్ధం. తెల్లగా, పొందిగ్గా, ఎడమకి కుడి సరిపోయేలా ఉంటుంది. ముందు స్తంభాలు, రెండు అంతస్తుల వరండాలు, వాటికి లేసు అల్లినట్టుండే ఇనప రెయిలింగ్. నెత్తిన చిన్న గోపురం, దాని మీద తెరచాప ఓడ ఆకారంలో గాలి దిక్కు చూపించే బొమ్మ. ఈ రెండింటికీ పోలిక ఎక్కడ కనబడిందో ఫార్వర్డ్ రాసినాయనే చెప్పాలి.

మరి ఆ ముఖం ఎక్కడిది? 1957లో ఈ పని మొదలుపెట్టిన డిస్నీ కళాకారుడు కెన్ ఆండర్సన్, విక్టోరియన్ కాలపు అలంకరణ కళల మీద వచ్చిన ఒక పుస్తకంలో బాల్టిమోర్ నగరంలోని షిప్లీ-లైడెకర్ ఇంటి బొమ్మ చూశాడు. ఆయన గీసిన బొమ్మకీ, ఆ ఇంటికీ వరండాలు, ఇనప లేసు, గోపురం దాకా పోలిక దాచినా దాగదు. నకలు అనే మాట వాడి తీరాలంటే ఇక్కడ వాడండి. అనహైమ్ భవనం ఉన్నది పార్కులో న్యూ ఆర్లీన్స్ స్క్వేర్ అనే భాగంలో కాబట్టి అది లూసియానా ఇల్లే అనుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టలేం, లూసియానాలోని న్యూ ఆర్లీన్స్ ఊళ్ళోనూ బాల్కనీలకి ఇనప లేసే మరి. ఆండర్సన్ మొదట దాన్ని పాడుబడ్డ కొంపలా, కలుపు మొక్కలతో గీశాడు. వాల్ట్ డిస్నీ ఒప్పుకోలేదు. బయట మనం శుభ్రంగా ఉంచుదాం, లోపలి సంగతి దెయ్యాలు చూసుకుంటాయి అన్నాడు. నా దృష్టిలో ఆ ఇంటి అసలు తెలివి అదే. బయట అంత నీటుగా ఉంది కాబట్టే లోపలికి అడుగుపెట్టాలంటే కాస్త టెన్షన్.

"నిప్పు లేనిదే పొగ రాదు కదా" అంటారు. వాల్ట్ డిస్నీకి వించెస్టర్ ఇల్లు బాగా నచ్చిందన్న మాట ఉంది. నచ్చే ఉండొచ్చు. కానీ ఒక ఇల్లు చూసి ముచ్చటపడటం వేరు, దాని కట్టడాన్ని దించేయడం వేరు.

ఇక మెట్లు. ఫార్వర్డ్‌తో పాటు తిరిగే ఫొటోలో తలకిందులుగా, అడ్డదిడ్డంగా పోయే మెట్లు, వాటి మీద పచ్చగా మెరిసే అడుగుల గుర్తులు ఉంటాయి. అది అనహైమ్ కాదు, ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు. అక్కడ కూడా 2007లో మార్పులు చేసినప్పుడు చేర్చిన గది. 1969లో తెరిచిన అనహైమ్ ఇంటికి మూలం చూపించడానికి 2007 నాటి ఫొటో వాడటం మసిపూసి మారేడుకాయ చేయడమే.

సాగే గది కథ ఇంకా సరదాగా ఉంటుంది. అనహైమ్‌లో మీరు చూసే భవనంలో రైడ్ లేదు. అది పార్కు చుట్టూ తిరిగే రైలు కట్టకి అవతల ఉన్న పెద్ద షెడ్డులాంటి కట్టడంలో ఉంది. జనాన్ని పట్టాల కింద నుంచి అక్కడికి చేర్చాలి. అందుకని ఆ గదే ఒక లిఫ్ట్. మీరు కిందికి దిగుతుంటే గోడ మీది బొమ్మలు సాగుతున్నట్టు అనిపిస్తుంది. దిగాక బొమ్మలు వేలాడే కారిడార్‌లో నడుస్తారు కదా, అప్పుడు రైలు పట్టాలు మీ నెత్తి మీదే ఉంటాయి. ఫ్లోరిడాలో అలా దింపాల్సిన అవసరం లేదు, కాబట్టి అక్కడ నేల కదలదు, కప్పే పైకి లేస్తుంది. ఇది స్థలం తెచ్చిన చిక్కుకి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం. సారా వించెస్టర్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు.

ఆవిడ గురించి కూడా ఒక మాట. తుపాకుల కంపెనీ వారసుడి భార్య, నలభై ఏళ్ళ ప్రాంతంలో వితంతువు అయింది. దెయ్యాలని తికమకపెట్టడానికే అలా కట్టించిందని గైడ్లు చెబుతారు. అయితే 1906 భూకంపంలో ఆ ఇంటి ఎత్తైన బురుజు, పై అంతస్తులు కూలిపోయాయి, చాలావరకు మళ్ళీ కట్టలేదు. తలుపు తీస్తే ఎదురుగా ఏమీ లేకపోవడానికి ఇదొక కారణం. ఆ ఇంట్లో రెండే అంగుళాల ఎత్తున్న మెట్లు ఆవిడ కీళ్ళవాతం కోసం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఎవరినడిగినా చెబుతారు.

"ఏ పార్కుకి వెళ్ళినా అదే ఇల్లు" అన్నది గూగుల్‌లో ఒక్క నిమిషం వెతికితే తేలిపోయే అబద్ధం. 1971లో తెరిచిన ఫ్లోరిడా ఇల్లు ఇటుకల గోథిక్ భవనం, హడ్సన్ నది లోయ ధోరణిలో. 1992 నాటి పారిస్ ఫాంటమ్ మేనర్ నిటారు వాలు కప్పుతో, పశ్చిమ అమెరికా గనుల ఊళ్ళో పాడుబడ్డ ఇల్లులా ఉంటుంది. హాంకాంగ్‌లో 2013లో వచ్చిన మిస్టిక్ మేనర్‌లో అసలు దెయ్యాలే లేవు.

చివరిది, ఆరేళ్ళ మూత. బయటి భవనం 1963కి తయారైంది, రైడ్ తెరిచింది 1969 ఆగస్టు 9న. మధ్యలో సిబ్బంది అంతా 1964-65 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ పనుల్లో మునిగిపోయారు. 1966 డిసెంబర్‌లో వాల్ట్ డిస్నీ చనిపోయాడు. నడుస్తూ చూసే ఇల్లుగా ఉంచాలా, బండ్లలో కూర్చోబెట్టి తిప్పాలా అన్నది తేలడానికే ఏళ్ళు పట్టింది. లోపల చూపించడానికి ఇంకా ఏమీ తయారు కానప్పుడు, చూసి భయపడి చనిపోయేదెవరు? పైగా ఆ ఏళ్ళలో గేటు బయట బోర్డు కూడా పెట్టారు: ఉండటానికి చోటు కావలసిన దెయ్యాలు దరఖాస్తు పంపుకోవచ్చని.