పెద్ద చేపకు బహుమతి వద్దు

వచ్చే వేసవిలో చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళం దగ్గర గాలాల పోటీ పెడదామని మన సంఘం కార్యవర్గం ఆలోచిస్తోంది. మే నెలలో ఒక ఆదివారం, పిల్లలకు సెలవులు, పెద్దలకు సముద్రపు గాలి, అందరిలోకీ బరువైన చేప పట్టినవారికి వెండి కప్పు. చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లలో గాలం పిచ్చి ఉన్నవాళ్లు ఇంతమంది ఉన్నారని తెలిసి సంతోషించాను. కానీ ఆ కప్పు విషయంలో నాకు పేచీ ఉంది. నెల విషయంలోనూ ఉంది గానీ, అది చిన్నది.

ముందు చిన్నదే చెప్తాను. ఈ తీరంలో గాలం వేసేవాడికి ఏడాది సంక్రాంతితో మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక సముద్రం నెమ్మదిస్తుంది, నీరు తేటపడుతుంది. వానలకు తెగిన మొగలు, అంటే నీరు సముద్రంలో కలిసే నోళ్లు, అప్పటికింకా పూడవు కనుక పోటుతో పాటు చేపలు కోవళం పక్కనే ఉన్న ముట్టుకాడు నీళ్లలోకి ఎక్కుతాయి, పాటుతో దిగుతాయి. (ముట్టుకాడు మీదుగా పోయే బకింగ్‌హామ్ కాలువే ఉత్తరాన మన పెదగంజాం దాకా వెళ్తుంది. ఒకప్పుడు కోస్తా సరుకు ఆ దారినే పడవల మీద మద్రాసు చేరేది. ఇప్పుడు నగరంలో దాని నడుమ రైలు స్తంభాలు నిలబడ్డాయి. ఆ కోపం ఇంకో వ్యాసానికి దాచుకుంటాను.) మాఘం, ఫాల్గుణం మనవి. ఆ తర్వాత ఎండ ముదిరేకొద్దీ మధ్యాహ్నపు గాలి జోరు పెరుగుతుంది. చిన్న పడవ తెల్లవారకముందే బయలుదేరి, పది గంటలకల్లా ఒడ్డు చేరాలి. మే నెలలో పిల్లలతో, ఇడ్లీ డబ్బాలతో బయలుదేరే మనవాళ్లు తీరానికి చేరేదే పది గంటలకు.

పైగా మే అంటే వేట నిషేధం నడుమ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మరపడవలు కదలకూడదు. తమిళనాడులోనూ, మన ఆంధ్రలోనూ అవే తేదీలు. తమిళనాడులో మొదట్లో 45 రోజులుండేది, 2017 నుంచి 61 రోజులు చేశారు. కాశిమేడు రేవులో మరపడవలు వరుసగా కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకుంటారు, పడవలకు రంగులేసుకుంటారు, నగరంలో వంజరం ధర కొండెక్కుతుంది. తమిళనాడులో కట్టుమరాలకు, చిన్న ఫైబర్ పడవలకు ఈ నిషేధం లేదు. కాబట్టి మన పోటీ చట్టానికి విరుద్ధం కాదు. అయినా, బతుకుతెరువుకు వేటాడేవాడు ఒడ్డున కూర్చున్న రోజుల్లో, ఉద్యోగాలు చేసుకునే మనం సరదాకు వెళ్లి అతని ఊరి ముందే చేపలు తూకం వేసుకుని చప్పట్లు కొట్టుకోవడం నాకు రుచించదు. జనవరి చివర్లో ఒక ఆదివారం దొరకదా?

ఇక అసలు పేచీ, పెద్ద చేప. ఈ చుట్టుపక్కల మొగల్లో అందరూ ఆశపడేది పండుగప్ప కోసం. ఇక్కడివాళ్లు కొడువా అంటారు. ఎరను మింగిన మరుక్షణం నీళ్లలోంచి లేచి తల విదిలించే ఆ చేప కోసం మనవాళ్లు నిద్ర మానుకుంటారు. దాని బతుకు విచిత్రమైనది. పండుగప్పలు చాలావరకు మొదట మగవిగా ఎదుగుతాయి. కొన్నేళ్లు మగచేపలుగానే గడిపి, పెద్దవయ్యాక ఆడచేపలుగా మారతాయి. కాబట్టి నాలుగైదు కిలోలు దాటిన పండుగప్ప మన గాలానికి పడిందంటే అది ఆడది కావడానికే ఎక్కువ అవకాశం. అమావాస్యకో పౌర్ణమికో మొగ దగ్గరకు చేరి లక్షల గుడ్లు పెట్టేది అదే. ఎన్నో వలలను, ఎన్నో గాలాలను తప్పించుకుని అంతవరకు వచ్చినదాన్ని, సరిగ్గా తల్లి అయ్యే దశలో, మనం కప్పు కోసం త్రాసు మీద పడుకోబెడతాం. సంతలో పాలిచ్చే ఆవును వెతికి మరీ కోతకు కొన్నట్టు ఉంటుంది ఈ పని.

ఇందులో రహస్యమేమీ లేదు. పండుగప్పను మనదేశంలో తొలిసారి, 1997లో, తొట్టెల్లో పిల్లలు పెట్టించింది చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థే. మనం టిక్కెట్టు కొని పడవెక్కే ముట్టుకాడులోనే వాళ్ల ప్రయోగ కేంద్రం ఉంది. పోటీకి ముందు పిల్లలను అక్కడికి తీసుకెళ్లడానికి అనుమతి అడిగినా బాగుంటుంది.

"ఒక్క ట్రాలర్ ఒక్క లాగుడుకు పట్టేది మనం జన్మంతా పట్టలేం, మన గాలమెంత?" అని మిత్రులు అడుగుతారు. లెక్క నిజమే. కానీ ట్రాలర్ మొగలోకి రాదు, మనం వస్తాం. అది దొరికినదంతా లాగుతుంది, మనం ఏరి ఏరి పెద్దదాన్నే కోరుకుంటాం. నేనేమీ శాకాహారం బోధించడం లేదు. కిలో, కిలోన్నర చేప ఇంటికి తెస్తే పులుసుకు అదే రుచి. ముదిరిన చేప ముక్క పీచుగా ఉంటుందని వండేవాళ్లెవరైనా చెప్తారు. పెద్దది పడితే నీళ్లలోనే ఉంచి కొలిచి, తడి చేతులతో పట్టుకుని ఫొటో తీసుకుని వదిలేయాలి. దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే వెన్ను దెబ్బతింటుంది, వదిలినా బతకకపోవచ్చు. మామూలు కొక్కెం కడుపులో దిగిపోవచ్చు. మొన లోపలికి వంగిన సర్కిల్ హుక్ అయితే ఎక్కువగా నోటి అంచునే పట్టుకుంటుంది.

ఇలా వదిలేయడాన్ని గట్టిగా వ్యతిరేకించేది మా పడవ నడిపే ఆయన. "వదిలేసే చేప కోసం ఇంత డీజిలు ఎందుకు సార్?" అని ముఖం మీదే అడిగాడు. ఆయనకు ఆ చేప అంటే ఒక రోజు రాబడి. మన సున్నితత్వానికి ఆయన జేబు ఖర్చు కాకూడదు. వదిలిన పెద్ద చేపకు ఆ రోజు బజారు ధర కట్టి పడవవాళ్లకే ఇచ్చే పద్ధతి పోటీ నిబంధనల్లో ఉండాలి. సంఘం నిధి దీనికి సరిపోకపోతే నాలాంటివాళ్లు తలా కొంత వేసుకుంటాం.

కప్పు మాత్రం ఉండనివ్వండి, ఇచ్చే కారణం మారుద్దాం. కొక్కెం లేకుండా, దారానికి సీసపు గుండు కట్టి, ఇసుకలో నిలబడి ఎవరు ఎక్కువ దూరం విసురుతారో చూద్దాం. గాలం వేసేవాడి అసలు పనితనం అందులో తెలుస్తుంది. ఆడవాళ్లూ పిల్లలూ సమానంగా పాల్గొనవచ్చు. పడవ ఎక్కేవాళ్లు ఎవరైనా, ఈత వచ్చినా రాకపోయినా, లైఫ్ జాకెట్ వేసుకోవాలి. 2011లో క్రిస్మస్ రోజున పులికాట్‌లో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. సరదాకు వెళ్లినవాళ్లే. లెక్కకు మించి ఎక్కించుకునే పడవను ఎంత తక్కువ ధరకు వచ్చినా మాట్లాడకండి.

వీలుపడక తేదీ మార్చాల్సి వస్తే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ఆలోచించవద్దు. అవి తుఫానుల నెలలు, ఆ రోజుల్లో నేను రీళ్లకు నూనె పెట్టుకుంటూ ఇంట్లోనే ఉంటాను. సెప్టెంబరు మొదటి వారం అయితే ఫరవాలేదు, సాయంత్రం ఉరుముల వానకు సిద్ధపడి రావాలి.