చీరల షోరూంలో కుర్చీ ఎవరికి?

ఆషాఢం డిస్కౌంట్ల రోజుల్లో పెద్ద చీరల షోరూంకి వెళ్లినవారికి ఈ దృశ్యం పరిచయమే. కొనేవాళ్లు మెత్తటి సీట్లలో కూర్చుంటారు. చూపించే అమ్మాయి ముప్పయ్యో చీర మడత విప్పుతూ, ఒంటి బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఉంటుంది. వాళ్లు వెళ్లాక ఆ ముప్పై చీరలూ మళ్లీ మడత పెట్టాలి. అదీ నిలబడే. జనం పలచబడిన మధ్యాహ్నం కూడా ఆమె కూర్చోదు. పైన సీసీ కెమెరా ఉంది మరి.

జీతం, పీఎఫ్, సెలవుల కంటే ముందు ఈ కుర్చీ గురించే మాట్లాడాలంటాను. జీతం చీటీని బయటివాళ్లం చూడలేం. కుర్చీ లేకపోవడం మాత్రం షాపులోకి అడుగుపెట్టిన ఎవరికైనా కనిపిస్తుంది.

కేరళలోని కోజికోడ్ మిఠాయి వీధిలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు మరుగుదొడ్డి సౌకర్యం లేక నీళ్లు తాగడమే తగ్గించుకునేవారు. దర్జీ పని చేసే పి. విజి వాళ్లను కూడగట్టారు. మరుగుదొడ్డితో మొదలైన పోరాటం కుర్చీ దాకా వచ్చింది. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. ఇదేమీ కొత్త ఊహ కాదు. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక చట్టం, వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ మాట ఉంది.

కూర్చుంటే బద్ధకస్తుల్లా కనిపిస్తారని, అమ్మకాలు పడిపోతాయని మేనేజర్ల వాదన. జర్మనీకి చెందిన ఆల్డీ సూపర్ మార్కెట్లలో క్యాషియర్లు కూర్చునే బిల్లు వేస్తారు. అయినా బిల్లింగ్ వేగానికి ఆ సంస్థదే పేరు.

మరి మన దగ్గర ఎవరూ ఎందుకు అడగరు? అడగాలంటే ముందు తాను ఫలానా సంస్థ ఉద్యోగినని రుజువు కావాలి. నెలకు 12,000 జీతం ఉన్న అమ్మాయినే తీసుకోండి. ఆమె పేరు రికార్డుల్లోకి ఎక్కితే యజమాని ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్ఐకి 3.25 శాతం, అంటే 390 రూపాయలు కట్టాలి. పీఎఫ్ 12 శాతం లెక్కన మరో 1,440. మొత్తం 1,830. వందల మంది సిబ్బంది ఉన్న గొలుసు దుకాణాలకు ఇది నెలనెలా లక్షల లెక్క. నియామక పత్రం ఇవ్వకపోవడం, ఏళ్ల తరబడి 'ట్రైనీ' అనడం, ఏజెన్సీ పేరు చెప్పి తప్పించుకోవడం, ఇవన్నీ ఆ 1,830 చుట్టూ తిరిగే కథలే. నష్టం ఆమెకు కాన్పు రోజుల్లో తెలిసొస్తుంది. ఈఎస్ఐ ఉంటే 26 వారాల పాటు అందే వేతనం అప్పుడు అందదు. పత్రం లేని మనిషి కుర్చీ అడిగితే రేపటి నుంచి రావద్దంటారు, అంతే.

కొత్త కార్మిక కోడ్‌లు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ అన్నాయి. మంచిదే. కానీ చట్టం చెప్పిన పత్రం చేతికొచ్చినా, అందులో రాసిన పని గంటలు గోడ గడియారంతో కలవాలి కదా. ఉమ్మడి రాష్ట్రం నాటి 1988 దుకాణాల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలంది. 2025లో ఆంధ్రప్రదేశ్ రోజువారీ పరిమితిని 10 గంటలకు పెంచింది. తెలంగాణ కూడా వాణిజ్య సంస్థలకు 10 గంటలు అనుమతించింది గానీ దుకాణాలను మినహాయించింది.

ఈ గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయన్నదే అసలు తగాదా. దసరా, సంక్రాంతి సీజన్లలో రాత్రి షట్టర్ సగం దించాక కూడా లోపల మడతలు, స్టాకు లెక్క నడుస్తూనే ఉంటాయి. ఆ తర్వాత సిబ్బంది గేటు దగ్గర బ్యాగుల తనిఖీకి వరుస. ఆఖరి బస్సు అందుతుందో లేదోనని ఫోనులో టైము చూసుకుంటూ వాళ్లక్కడ గడిపే సమయాన్ని ఏ హాజరు పట్టీలోనూ ఎక్కించరు. అదీ నిలబడే.